పర్రలో రెండో వరస

నాగులమ్మ కుడికాలి మడమతో నేలను మూడుసార్లు పొడిచింది. మొదటిసారి గట్టిగానే తగిలింది. రెండోసారి అడుగున నీరూరింది. మూడోసారి కాలు చీలమండ దాకా దిగబడింది. ఆమె కాలు లాక్కుని అరగజం పక్కకు జరిగి మళ్ళీ పొడిచింది. అక్కడ మూడుసార్లూ గట్టిగానే ఉంది. చంకలోని సరుగుడు గుంజల్లో ఒకదాన్ని తీసి, రెండు చేతులా పట్టుకుని, ఒంటి బరువంతా మోపి దించింది. గుంజ కొసకు కట్టిన పాతవల పేలిక గాలికి ఊగింది.

"ఏందత్తా, ఈ గుంజ మొన్న ఆడుండాది గదా," అన్నాడు పక్కింటి మాల్యాద్రి. అతను వెనకాల గంపెడు నత్తగుల్ల మోసుకొస్తున్నాడు.

"నేల జరిగింది. గుంజ కూడా జరిగింది."

"నువ్వు మాత్రం ఈ పర్ర వదిలిపెట్టి జరగవు."

"నేను జరిగితే నువ్వు సంతకు పోతావా, అడుసులోకి పోతావా?"

మాల్యాద్రి నవ్వి, గంపలోని గుల్లను గుంజల మధ్య కుమ్మరించి కాలితో సర్దాడు. తెల్లటి గుల్ల నల్లటి బురదలో కొంత మునిగి, కొంత పైన తేలింది. ఇంకో పది గంపలు పోస్తేగాని దోవలా కనపడదు.

గుల్లపాళేనికి తూర్పున సరస్సు, పడమట ఈ పర్ర. రెండు మైళ్ళ పొడవునా ఉప్పుబురదే. మధ్యలో ఎర్రటి ఉప్పుకూర మొలిచిన చోట మాత్రం నేల గట్టిగా ఉంటుంది. పర్ర దాటితే వేమగుంట పొలాలు. ఆ పొలాల గట్ల మీదుగా నాలుగు మైళ్ళు నడిస్తే గనిమిట్ట. అక్కడి మైకా గని మూతపడి మూడేళ్ళయింది గాని, గని కోసం వేసిన లారీల బాట గూడూరు దాకా ఇంకా ఉంది. గుల్లపాళెం ఆడవాళ్ళు ఎండుచేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఈ దోవనే వేమగుంటకూ గనిమిట్టకూ పోతారు. వానలు వెలిసినప్పుడల్లా పర్రలో గట్టినేల ఎటు పోయిందో వెతికి గుంజలు పాతడం నాగులమ్మ మొగుడి పని. మొగుడు పోయాక ఆమె పని అయింది. అందుకు ఇంటికొక పిడికెడు చేపలు దోవచేపలని ఇస్తారు.

ఈసారి వాన వెలిసినందుకు కాదు ఆమె గుంజలు పాతుతున్నది. రేపు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఓవర్సీయరు వస్తున్నాడు. గుల్లపాళెం నుంచి గనిమిట్ట దాకా రోడ్డు వేయవచ్చునా లేదా అని చూసి రాసుకుని పోతాడు.

పర్రను రెండుగా కోసే కాలవ దగ్గర ముత్యాలయ్య నిలబడి ఉన్నాడు. ఊరికి పెద్దకాపు ఆయనే. తలపాగా విప్పి నడుముకు చుట్టుకున్నాడు. నలుగురు మొగవాళ్ళు రెండు పడవల్ని కాలవకు అడ్డంగా తెచ్చి, పక్కపక్కన కట్టి, పైన పలకలు పరుస్తున్నారు. మూడు రోజులుగా ఆ పడవలు వేటకు పోలేదు.

"మామా, పలక ఊగతా ఉండాది," అన్నాడు ఒకతను.

"ఊగితే ఆయన భయపడతాడు. కింద ఇంకో తాడెయ్యండి. లోగడ వచ్చినాయన గుర్తుండాడా?"

అందరికీ గుర్తే. ఆరేళ్ళ కిందట వచ్చిన ఆయన పర్రలో మోకాళ్ళ దాకా దిగబడి, ఒక బూటు అడుసులో పోగొట్టుకుని, ఇది నేల కాదు, దీని మీద రోడ్డు నిలవదు అని అక్కడినుంచే వెనక్కి తిరిగాడు.

"ఈయన కాలికి అడుసు అంటగూడదు," అన్నాడు ముత్యాలయ్య. "నేల గట్టిది, రోడ్డును మోస్తాది అని ఆయనకు తెలియాల. ఎంత నీళ్ళొస్తాయంటే మోకాటి లోతు అని చెప్పండి. నడుముదాకా వస్తాయని ఎవురూ అనబాకండి."

వేమగుంట రైతు వెంకయ్య కొత్త కొట్టం కోసం కొట్టించుకున్న ఎనిమిది తాటిదుంగల్ని నాగులమ్మే పోయి అడిగి తెచ్చింది. బురద మరీ మెత్తగా ఉన్న రెండుచోట్ల వాటిని పరిచి, పైన గడ్డీ గుల్లా వేశారు. ఎల్లుండికి కడిగి తిరిగి ఇవ్వాలి.

పొద్దు వాలేవేళకు ఆమె ఒక్కతే చివరి గుంజల్ని చూసుకుంటూ వెనక్కి వచ్చింది. కాలవకు ఇవతల పదకొండో గుంజకు వలపేలిక కాకుండా పచ్చటి చీరముక్క కట్టి ఉంది. ఎండకు వెలిసి పసుపుగా తిరిగింది. ఊళ్ళో దాన్ని పేరమ్మ గుంజ అంటారు. నాగులమ్మ పెద్దకూతురు పేరమ్మను నొప్పుల మీద మంచంలో మోసుకుపోతూ అక్కడే దించారు. మంచం మోసేవాళ్ళు ఇద్దరిద్దరు పక్కపక్కన నడవాలి. గట్టినేల ఒక్కరికే ఉంది. ఎడమపక్క మోసేవాళ్ళు నడుముదాకా దిగబడ్డారు. వాళ్ళను బయటికి లాగేసరికి మంచం మీద అలికిడి లేదు.

నాగులమ్మ చీరముక్క ముడి బిగించింది. ఇవాళ ఆ గుంజను కదపలేదు.

ఇంటి ముందు, కాన్పుకు వచ్చిన చిన్నకూతురు చెంచులక్ష్మి గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని వల బాగుచేస్తోంది. ఏడో నెల. రెండు పాదాలూ ఉబ్బి, వేళ్ళ మధ్య సందు కనపడడం లేదు. పోయిన నెల గూడూరు ఆస్పత్రిలో నర్సమ్మ చూసి, ఈ పిల్లకు ఊళ్ళో కాన్పు చేయవద్దు, నొప్పులు రాగానే తీసుకురండి అంది. ముందుగానే తెచ్చి ఉంచుకుంటామంటే నొప్పులు రానిదే మంచం ఇవ్వం అంది. వేమగుంటలో చేపలు పట్టే పట్టపోళ్ళ పిల్లకు పురుడు పోసుకోను చోటివ్వరు. నెలలు లెక్కపెడితే కాన్పు కార్తీకంలో. కార్తీకంలో పర్ర నిండా నీళ్ళు, సరస్సు మీద తుఫాను గాలి.

"దోవ అయిందామ్మా?"

"అయింది. నువ్వు కూడా నడవచ్చు."

"నేను నడిస్తే దుంగలు విరగతాయి," అంది చెంచులక్ష్మి తన పొట్ట చూసుకుని. తరవాత వలకన్ను మీదికి వంగి, "రోడ్డేస్తే ఎన్నాళ్ళకు అవతాది?" అని అడిగింది.

"మట్టి పోసేది నెలరోజులంట. ఊరంతా మోస్తాం."

"అయితే కార్తీకానికి ఉంటాది."

నాగులమ్మ కాళ్ళు కడుక్కుంటూ తల ఊపింది.

ముత్యాలయ్య ఇంటింటికీ వచ్చి ఒకే మాట చెప్పిపోయాడు. కొత్త వల నీళ్ళలో వేసే రోజున గుల్లపాళెంలో ఎవరూ చావుమాట ఎత్తరు. ఎత్తితే ఆ వలకు చేప రాదని నమ్మకం. రేపు కూడా అటువంటి రోజే అని పెద్దకాపు ఉద్దేశం.

"నాగులమ్మా, దోవ చూపించేది నువ్వే. ఆయన ఏమడిగినా మంచిమాటే చెప్పు. పేరమ్మ మాట తేబాక."

"తేను మామా."

"నీ బాధ నాకు తెలవక కాదు."

"తేనన్నా గదా."

*

ఓవర్సీయరు పద్మనాభయ్య ఒక పగలూ ఒక రాత్రీ సరస్సు మీద పడవలో ప్రయాణించి పొద్దున్నే వచ్చి దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. గొడుగు, తోలుసంచి, నల్లబూట్లు. వెంట కొలతగొలుసు పట్టుకున్న మనిషి ఒకడు. గనిమిట్ట దగ్గర జీపు కాచుకుని ఉంటుందట. ఇక్కడినుంచి అక్కడిదాకా నడిచి చూసి, అటునుంచి అటే గూడూరు పోతాడు.

ఊరు ఊరంతా స్నానాలు చేసి నిలబడింది. ముత్యాలయ్య కొబ్బరిబోండం కొట్టి ఇచ్చాడు. పద్మనాభయ్య సగం తాగి, మిగిలింది గొలుసు మనిషికి ఇచ్చాడు. ఆ పని చూసి, మంచోడే, అని ఆడవాళ్ళు ఒకరితో ఒకరు అనుకున్నారు.

నాగులమ్మ ముందు నడిచింది. ఆమె వెనక ఓవర్సీయరు, గొలుసు మనిషి, ముత్యాలయ్య, మాల్యాద్రి. గొలుసు చాచినప్పుడల్లా ఆగడం, పుస్తకంలో రాసుకోవడం, మళ్ళీ నడవడం. గుల్ల బూట్ల కింద కరకరలాడింది. రాత్రి గాలి వేయడంతో పైపొర ఆరి, దోవ తెల్లగా పొలంగట్టులాగ కనపడింది. ఇంత బాగుంటుందని నాగులమ్మ కూడా అనుకోలేదు.

"ఈ గుంజలు ఎవరు పాతినారమ్మా?"

"నేనే సామీ."

"నీకెవరు నేర్పినారు?"

"మా ఇంటాయన. కాలు చెప్తాది సామీ, నేర్పేదేం లేదు."

ఆయన వంగి ఒక గుంజను కదిపి చూశాడు. అది కదల్లేదు. "మా ఆఫీసులో ఇంజనీర్లు కూడా ఇంత సూటిగా పాతలేరు," అన్నాడు. ముత్యాలయ్య మొహం వెలిగింది.

కాలవ మీది పలకల వంతెన దాటేటప్పుడు పద్మనాభయ్య ఒకసారి కింద పడవల్ని చూశాడు. "ఇది ఎప్పుడూ ఇట్లాగే ఉంటుందా?"

"మావాళ్ళు చూసుకుంటా ఉంటారు సామీ," అన్నాడు ముత్యాలయ్య.

"వానల్లో నీళ్ళెంత వస్తాయి?"

"మోకాటి లోతు. ఎంతో కాదు."

ఆయన రాసుకున్నాడు. పెన్సిలు ఆగేదాకా నాగులమ్మ దాన్నే చూసింది.

వంతెన దిగి నాలుగడుగులు వేశాక ఆయన వెనక్కి తిరిగి, కాలవకు అవతలి ఒడ్డు మీది గుంజల వరస చూశాడు. "అన్నిటికీ వలముక్కలు, ఆ ఒక్కదానికి చీరముక్క కట్టినారేమి?"

మాల్యాద్రి తల దించుకున్నాడు. ముత్యాలయ్య నాగులమ్మ వైపు చూడకుండా సరస్సు వైపు చూశాడు.

"గుర్తుకు సామీ," అంది నాగులమ్మ.

"మంచి పని. సగం దోవ అని తెలుస్తుంది."

ఆమె ముందుకు తిరిగి నడిచింది. తాటిదుంగల దగ్గర ఆగి, ఆయన దాటేదాకా చెయ్యి చాచి నిలబడింది. ఆయనకు ఆ చెయ్యి అవసరం రాలేదు.

పర్ర దాటగానే ముత్యాలయ్య దణ్ణం పెట్టి వెనక్కి మళ్ళాడు. మాల్యాద్రి కూడా వెళ్ళిపోయాడు. పడవలు పొద్దుగూకేలోగా వేటకు పోవాలి. మిగిలిన దోవ పొలాల గట్ల మీద. నారుమడులకు నీళ్ళు పెడుతున్న వేమగుంట మనుషులు ఓవర్సీయరుకు దణ్ణాలు పెట్టి, నాగులమ్మను గంప లేకుండా చూసి ఆశ్చర్యపోయారు.

"చేపల్లేవా ఇయ్యాల?"

"రోడ్డు తెస్తా ఉండా," అంది ఆమె. అన్నాక తనకే సిగ్గేసింది.

గనిమిట్ట దగ్గరపడుతుంటే నేల రంగు మారింది. తెల్లరాతి గుట్టలు. వాటిమీద తుమ్మచెట్లు మొలిచాయి. పెద్ద గుంటల్లో పచ్చటి నీళ్ళు కదలకుండా ఉన్నాయి. దోవంతా చిన్నచిన్న కాకిబంగారం రేకులు పరచుకుని ఎండకు మెరుస్తున్నాయి. నడుస్తుంటే అవి కాళ్ళకు అంటుకుంటాయి. ఎంత కడిగినా రెండు మూడు రోజులు గోళ్ళ సందున మెరుస్తూనే ఉంటాయి. ఆడవాళ్ళు బారుగా కూర్చుని కొడవళ్ళతో రేకులు చీల్చిన కొట్టానికి ఇప్పుడు స్తంభాలే మిగిలాయి. దాని పక్కన ఆస్పత్రి గది. గని నడిచినన్నాళ్ళూ అక్కడ ఒక కాంపౌండరూ ఒక నర్సూ ఉండేవాళ్ళు. తలుపులు, పైరేకులు ఎవరో పీక్కుపోయారు. లోపల మేకలు పడుకుని ఉన్నాయి.

హజరత్తయ్య ఎదురొచ్చాడు. గనికి కాపలావాడు. గని మూసిపోయినా, కంపెనీ వాళ్ళు ఎప్పటికైనా వస్తారని తాళాలగుత్తి నడుముకు అట్లాగే పెట్టుకుని తిరుగుతాడు. ఓవర్సీయరును తన గుడిసె ముందు కుక్కిమంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. వేపచెట్టు కింద జీపు ఆగి ఉంది.

హజరత్తయ్య చూపు ఓవర్సీయరు కాళ్ళ మీద పడింది. కాసేపు అక్కడే నిలిచింది. తరవాత నాగులమ్మ మొహం చూశాడు.

"పర్ర మీంచేనా సామీ వచ్చింది?" అని అడిగాడు.

"పర్ర మీంచే. రెండు మైళ్ళూ నడిచినా."

"బూట్లు విప్పకుండానా?"

"విప్పే అవసరమేముంది? బ్రహ్మాండమైన దోవ." పద్మనాభయ్య మజ్జిగ ముంత కింద పెట్టి, మీసాలు తుడుచుకున్నాడు. ఆయన నిజంగా సంతోషంగా ఉన్నాడు. "మొన్న దొరవారిసత్రం దిక్కు ఒక ఊరికి పోయినానమ్మా. తొడలదాకా దిగబడినాను. గొలుసు పోయింది. మా వాడు ఏడ్చినంత పని చేసినాడు. ఆ ఊరివాళ్ళకు ఒక గుంజ పాతుకుందామని కూడా లేదు. మీరు చూడు, గవర్నమెంటు కోసం కాచుకోకుండా మీ దోవ మీరు వేసుకున్నారు."

నాగులమ్మ నిలబడే ఉంది. "అయితే రోడ్డు ఎప్పుడేస్తారు సామీ?"

"ఈ ఏడు సమితిలో ఒక్క రోడ్డుకే మంజూరు ఉంది. దోవ అసలే లేని ఊరికి ముందు ఇవ్వమని రూలు. మీకేమి, ఉంది గదా."

ఆమెకు మొదట ఆ మాట అర్థం కాలేదు. ఆయన తిరిగి మజ్జిగ ముంత అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. అప్పుడు అర్థమైంది.

"సామీ, ఆ గుల్ల నిన్న పోసిందే."

"ఊఁ?"

"గుల్ల నిన్న పోసినాం. దుంగలు వేమగుంట వెంకయ్యవి. రేపు తిరిగియ్యాల. ఆ పడవలు వేట పడవలు సామీ. ఈ పొద్దుకే విప్పుతారు. మీ కాళ్ళకు అడుసు అంటగూడదని చేసినాం."

పద్మనాభయ్య ముంత పట్టుకుని ఆమెనే చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు.

"మరి మీ పెద్దాయన మోకాటి లోతన్నాడే?"

"నడుముదాకా వస్తాయి. ఎక్కువ చెప్తే, నేల పనికిరాదని ఎల్లిపోతారని అట్టా చెప్పినాడు. లోగడ ఒకాయన అట్టానే పోయినాడు."

"చీరముక్క?"

నాగులమ్మ నోరు తెరిచింది. నిన్నటినుంచి కట్టి ఉంచిన మాట. "నా పెద్దకూతురు సామీ. కాన్పు మంచం ఆడ దిగబడింది. చిన్నదానికి ఇప్పుడు ఏడోనెల. కార్తీకంలో పడతాది. ఆస్పత్రికే రావాలని నర్సమ్మ చెప్పింది."

జీపు డ్రైవరు హారను ఒకసారి మెల్లగా మోగించాడు. పద్మనాభయ్య పుస్తకం తెరిచి, రాసిన కాగితాన్ని చూసుకున్నాడు. పెన్సిలు తీశాడు. కాసేపు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"నేను చూసిందే రాయాలమ్మా. విన్నది రాస్తే, పైనుంచి ఇంకొకాయన వచ్చి నీకెట్లా తెలుసునంటాడు. రెండు మైళ్ళూ గొలుసు పట్టినాను. నా బూట్లు చూడు."

"ఒక్కసారి ఎనక్కి రండి సామీ. రేపు రండి. ఎక్కడ అడుగుపెట్టినా నేను చెయ్యి ఇయ్యను. మీరే చూద్దురు."

"రేపు కావలి పోవాల. ఎల్లుండికి కాగితాలు పంపించాల." ఆయన లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు. జీపు దగ్గరకు పోయి మళ్ళీ రెండడుగులు వెనక్కి వచ్చాడు. "వచ్చే ఏటికి మీ ఊరే మొదట పెట్టమని అడుగున రాస్తాను. అంతవరకే నా చేతిలో ఉండేది."

"కార్తీకం ఈ ఏడే సామీ," అంది నాగులమ్మ.

ఆయన జీపు వైపు తిరిగాడు. కాళ్ళు జీపులో పెట్టేముందు, అలవాటు కొద్దీ, బూట్లను ఒకదానికొకటి తట్టుకున్నాడు. కాస్త కాకిబంగారం పొడి రాలింది. అంతకుమించి వాటికేమీ అంటలేదు.

జీపు తెల్లగుట్టల మలుపు తిరిగేదాకా హజరత్తయ్య చెయ్యి ఎత్తే ఉంచాడు. తరవాత దించి, కుక్కిమంచం మీద ఒక పక్క కూర్చున్నాడు.

"గనిలోకి తనిఖీదొర వస్తా ఉండాడంటే మేమూ అంతే," అన్నాడు. "ముందురోజే కొత్త నిచ్చెనలు కట్టి దించేవాళ్ళం. ఆయన దిగి, చూసి, బాగుందని రాసి పోయేవాడు. ఆ సాయంత్రమే కొత్తవి పైకి తీసి పాతవి దించమనేవాళ్ళు. మేమే కట్టేది, మేమే విప్పేది. మా తమ్ముడు పాత నిచ్చెన మీంచే పడినాడు."

నాగులమ్మ మజ్జిగ ముంతను తీసుకుపోయి తొట్టి దగ్గర కడిగి, బోర్లించింది.

"ఈ ఆస్పత్రి గదికి నాలుగు తాటాకులు కప్పితే?" అంది.

"కప్పచ్చు. లోపల చూసేవాళ్ళెవురు?"

ఆమె కాళ్ళకు అంటిన రేకుల్ని వంగి దులుపుకుంది. ఏవీ రాలలేదు.

*

తిరిగి వచ్చేసరికి వెంకయ్య జీతగాళ్ళు ఇద్దరు దుంగల్ని బురదలోంచి పెకలిస్తున్నారు. ఎద్దులబండి గట్టు మీద నిలిపారు.

"రేపు గదా మేమే కడిగి తెస్తామన్యాం," అంది నాగులమ్మ.

"వాన మబ్బు పట్టింది. మా రెడ్డి ఈ పొద్దే తెమ్మన్నాడు. పనైపోయింది గదా మీది?"

"అయిపోయింది."

దుంగలు తీసినచోట పొడుగాటి గుంటలు పడ్డాయి. ఆమె చూస్తుండగానే వాటిలో నీళ్ళు ఊరి నిండాయి. పైన వేసిన గుల్ల అందులోకి జారింది. ఆమె చీర మోకాళ్ళ పైకి దోపుకుని దిగింది. కాలవ దగ్గర పడవలు లేవు. ఒడ్డున మరిచిపోయిన పలక ఒకటి మాత్రం ఉంది. ఆ పలకను ఒక చేత్తో నెత్తిన పట్టుకుని, ఛాతీలోతు నీళ్ళలో కాలవ దాటింది.

పేరమ్మ గుంజ దగ్గర ఒక్క క్షణం ఆగింది. చీరముక్కను ముట్టుకోలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు ఎదురొచ్చారు. "ఏమన్యాడే? ఎప్పుడంట?" అని ఒకరు, "మజ్జిగ తాగినాడా?" అని ఒకరు. తడిసిన చీరతోనే ఆమె ముత్యాలయ్య ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అంతా చెప్పేదాకా పేనడం ఆపలేదు. చెప్పడం అయ్యాక చేతులు ఆగాయి.

"మోకాటి లోతని నేనే అన్యా," అన్నాడు.

"చీరముక్క గుర్తుకని నేను అన్యా."

"నేను అననీకుండా చేసినా."

"నువ్వు వద్దంటే నేను నోరు మూసుకున్యా మామా. నోరు నాదే గదా."

ఆయన పేనిన తాడును మళ్ళీ వేళ్ళతో విప్పడం మొదలుపెట్టాడు. ధ్యాస లేకుండానే విప్పుతున్నాడు. ఆమె లేచి వచ్చేసింది.

చెంచులక్ష్మి అన్నం వడ్డించి కూర్చుంది. అమ్మ మొహం చూసి ఇంకో గరిటె వేసింది. తినడం అయ్యాక, "గనిమిట్టకు ఆరు మైళ్ళు, ఆడనుంచి లారీల బాట. నొప్పులు రాకముందే నేను మెల్లగా నడిచిపోతే?" అంది.

"పోయి యాడుంటావు?"

"ఆస్పత్రి అరుగు మీద."

"ఎన్నాళ్ళు?"

చెంచులక్ష్మి ఉబ్బిన పాదం మీద వేలితో నొక్కింది. సొట్ట పడింది. ఆ సొట్ట పూడేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

మర్నాడు వాన పడింది. ఆ మర్నాడు కూడా పడింది. మూడో రోజు తెరపి ఇచ్చాక నాగులమ్మ చూరు కింది నులకమంచాన్ని ఎండలోకి తెచ్చి నులక విప్పడం మొదలుపెట్టింది. పేరమ్మను మోసిన మంచం అదే. చివికిన చోటల్లా కొత్త నులక ముడి వేసి, పట్టెమీద కాలుపెట్టి లాగి బిగించింది. చెంచులక్ష్మి గడప మీద కూర్చుని చూస్తోంది.

"అది నాకేనా?" అంది.

"వానల ముందు బిగించుకోవాల. ఎవరికైనా పనికొస్తాది."

"పడుకుని చూసేదా?"

"వద్దు," అంది నాగులమ్మ గట్టిగా. తరవాత గొంతు తగ్గించి, "నులక కుదురుకోవాల. ఇప్పుడే వద్దు," అంది.

మంచం బిగించాక ఒక తాడు తీసుకుని దాని వెడల్పు కొలిచింది. మంచం కోళ్ళకు కట్టే మోతకర్రలు రెండు పక్కలా ఎంత బయటికి వస్తాయో చేత్తో చూసుకుని, అంత తాడు వదిలి ముడి వేసింది. ఆ తాడును నడుముకు చుట్టుకుంది. మాల్యాద్రి ఇంటి ముందునుంచి సరుగుడు గుంజలు తెచ్చుకుంటుంటే అతను బయటికి వచ్చాడు.

"మొన్ననే గదత్తా పాతింది. మళ్ళీ ఏందీ?"

"అది ఒకరు నడిచే దోవ. పక్కన ఇంకో వరస పాతాల. ఇద్దరు నడవాల."

అతను ఆమె నడుముకున్న తాడు చూశాడు. ముడి చూశాడు. వేళాకోళం ఆడలేదు. "నేల ఉంటాదా అంత వెడల్పు?" అన్నాడు.

"చూస్తా."

"నేనూ రానా?"

"నీకు వేటుంది. రేపు గుల్ల తే."

పర్ర మీద గుల్ల ఎక్కడా కనపడలేదు. పాత గుంజలు మాత్రం వలపేలికలు తడిసి వేలాడుతూ వరసగా నిలబడి ఉన్నాయి. నాగులమ్మ మొదటి గుంజకు తాడు ఒక కొస పట్టి, రెండో కొస దగ్గర నిలబడి మడమతో పొడిచింది. గట్టిగా ఉంది. గుంజ దించింది. రెండోదాని దగ్గర కూడా గట్టిగానే ఉంది. నాలుగోదాని దగ్గర ఎడమపక్క కుదరక కుడిపక్క పాతింది. ఏడోచోట పాత గుంజనే పెరికి జరిపి, రెండూ కలిపి కొత్తగా పాతింది. నడుం పట్టేసింది. ఉప్పునీళ్ళకు మడమలోని పగుళ్ళు మండాయి. పదోది దాటేసరికి పొద్దు పడమటికి తిరిగింది.

పదకొండో గుంజకు చీరముక్క కట్టి ఉంది. ఆమె దానికి తాడు ఆనించి ఎడమ వైపు చాచింది. పొడిచింది. కాలు మోకాలిదాకా పోయింది. లాక్కుని కుడి వైపు పొడిచింది. అక్కడ నీళ్ళే. కాలవ వైపు రెండు గజాలు పోయి పొడిచింది, ఊరి వైపు రెండు గజాలు పోయి పొడిచింది. ఎక్కడా తాడు వెడల్పున ఇద్దరి కాళ్ళకు నేల దొరకలేదు.

తిరిగి వచ్చి, ఎడమ వైపునే, తాడు ముడి దగ్గర, ఒక గుంజను రెండు చేతులా పట్టి దించింది. అడ్డం లేకుండా సగం పైగా దిగిపోయింది. వదిలిపెట్టగానే మెల్లగా పక్కకు వాలింది. నిలబెట్టింది. మళ్ళీ వాలింది.

నాగులమ్మ దాన్ని పైకి లాగి, బురద తుడిచి, నిలువునా తన పక్కన పెట్టుకుని చూసింది. భుజం దాకా ఉంది. అడుగున ఎక్కడో గట్టినేల తగలాలంటే దీనికి రెండింతల పొడుగుది కావాలి. తాడును పేరమ్మ గుంజకే కట్టి ఉంచి, పొడుగు గుంజ కోసం ఆమె ఊరి వైపు నడిచింది.